సావిత్రి (నటి)

నిశ్శంకర సావిత్రి (డిసెంబర్ 6, 1935 - డిసెంబర్ 26, 1981) తెలుగు, తమిళ చలనచిత్ర రంగాలలో సుప్రసిద్ధురాలైన నటి, దర్శకురాలు మరియు నిర్మాత. తెలుగువారు ఈమెను మహానటి అని, తమిళులు నడిగైయర్ తిలగం అని గౌరవంగా పిలుచుకున్నారు. దేవదాసు, మిస్సమ్మ, మాయాబజార్, మూగమనసులు వంటి చిత్రాలలో ఈమె నటన తరువాతి తరాల నటీమణులకు ఒరవడిగా నిలిచింది. జీవితపు చివరి దశలో సావిత్రి మద్యవ్యసనానికి, మధుమేహానికి, ఆర్థిక ఇబ్బందులకు గురై, సుమారు 19 నెలలు అపస్మారక స్థితిలో ఉండి మరణించింది. తెరపై ఆత్మీయులకు సేవచేసే స్త్రీగా పలుమార్లు నటించిన ఈమెకు నిజజీవితంలో సకాలంలో తగిన వైద్య సహాయం అందలేదు. ఈ కారణంగా వ్యసనపరుల సంరక్షణను గురించిన చర్చలలో కూడా ఈమె జీవితం తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

పుట్టిన పేరు: నిశ్శంకర సావిత్రి
ఇతర పేర్లు: మహానటి, నడిగైయర్ తిలగం, సావిత్రి గణేశ్
జన్మస్థలం: చిర్రావూరు, గుంటూరు జిల్లా
మరణస్థలం: మద్రాసు (చెన్నై)
వృత్తి: నటి, దర్శకురాలు, నిర్మాత
భర్త: జెమినీ గణేశన్
సంతానం: ఒక కుమార్తె, ఒక కుమారుడు

బాల్యం

సావిత్రి గుంటూరు జిల్లా, తాడేపల్లి సమీపంలోని చిర్రావూరు గ్రామంలో నిశ్శంకర గురవయ్య, సుభద్రమ్మ దంపతులకు జన్మించింది. జన్మ సంవత్సరాన్ని కొందరు రచయితలు 1936 అని, మరికొందరు 1937 అని పేర్కొన్నారు. ఈమె ఆరు నెలల పసికందుగా ఉన్నప్పుడే తండ్రి మరణించాడు. తరువాత తల్లి పిల్లలతో విజయవాడలోని తన అక్క దుర్గాంబ ఇంటికి చేరింది. దుర్గాంబ భర్త కొమ్మారెడ్డి వెంకట్రామయ్య సావిత్రి బాధ్యతను స్వీకరించి, నృత్యంలోను, నాటకాలలోను ఆమెకున్న ఆసక్తిని గమనించి ప్రోత్సహించాడు. విజయవాడలో చదువుకుంటూనే ఈమె శాస్త్రీయ నృత్యం నేర్చుకుని, చిన్న వయసులోనే నాటక ప్రదర్శనలలో పాల్గొన్నది.

సినీరంగ ప్రవేశం

పెదనాన్న వెంకట్రామయ్య వెంట మద్రాసు చేరిన సావిత్రికి తొలి అవకాశాలు సులభంగా దొరకలేదు. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన సంసారం (1950) చిత్రంలో ముందుగా ముఖ్యపాత్రకు ఎంపికైనా, కెమెరా ముందు తడబడడం వలన చివరకు చిన్న పాత్రతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. పాతాళభైరవి (1951) చిత్రంలో ఒక నృత్యంలో కనిపించింది. పెళ్ళిచేసి చూడు (1952) చిత్రంలో రెండవ కథానాయికగా ప్రేక్షకుల దృష్టిని ఆకర్షించింది. మరుసటి సంవత్సరం వచ్చిన దేవదాసు ఈమెను అగ్రశ్రేణి నటీమణుల సరసన నిలిపింది.

మిస్సమ్మ (1955) చిత్రంలో ముందుగా భానుమతి నాయికగా కొంత చిత్రీకరణ జరిగిన తరువాత ఆమె తప్పుకొనడంతో, రెండవ నాయికగా నటించవలసిన సావిత్రికి ప్రధాన పాత్ర లభించింది. రెండవ నాయిక పాత్రను జమున పోషించింది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన మాయాబజార్ (1957)లో శశిరేఖగాను, మాయా శశిరేఖ రూపంలోని ఘటోత్కచునిగాను ఈమె చూపిన నటనాభేదం నేటికీ ఉదాహరణగా చెప్పబడుతున్నది.

సేవాపరురాలైన స్త్రీ పాత్రలు

సావిత్రి నటించిన పాత్రలలో మూడింటికి ఒక సామ్యమున్నది. వ్యసనం వలననో, మానసిక వ్యాధి వలననో చెడిపోయిన వ్యక్తికి అండగా నిలవాలని కోరుకునే స్త్రీ కథ ఈ మూడింటిలోను ఉన్నది. అయితే మూడింటి ముగింపులు వేరువేరు.

దేవదాసు (1953): శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ బెంగాలీ నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో నిర్మితమైన చిత్రం. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసుగా, సావిత్రి పార్వతిగా నటించారు. తాగుడుకు బానిసైన దేవదాసును దగ్గర ఉంచుకుని సేవచేయాలన్నది పార్వతి కోరిక. మరణించేలోగా ఆమె వద్దకు వస్తానని అతడు మాట ఇస్తాడు. ఆమె ఇంటి వాకిలి వరకు చేరి ప్రాణాలు విడుస్తాడు. ఆ ఇంటి తలుపులు దాటి రావడానికి పార్వతికి వీలు పడదు. సేవచేయాలన్న మనసు ఉన్నా అందుకు సంఘం అవకాశమివ్వని స్థితిని ఈ కథ చూపుతుంది.

అర్ధాంగి (1955): మణిలాల్ బెనర్జీ బెంగాలీ నవల స్వయంసిద్ధ ఆధారంగా పి.పుల్లయ్య దర్శకత్వం వహించిన చిత్రం. పసితనంలో ఆయా నల్లమందు పెట్టి పెంచడం వలన బుద్ధి వికసించని జమీందారు కుమారునిగా అక్కినేని, అతనిని వివాహమాడి ఓర్పుతో తీర్చిదిద్దే భార్యగా సావిత్రి నటించారు. ఇక్కడ భార్య పట్టుదల వలన భర్త మామూలు మనిషి అవుతాడు.

చివరకు మిగిలేది (1960): అశుతోష్ ముఖర్జీ బెంగాలీ కథ ఆధారంగా గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన చిత్రం. బుచ్చిబాబు వ్రాసిన అదే పేరు గల నవలకు, ఈ చిత్రానికి సంబంధం లేదు. మానసిక చికిత్సాలయంలో పనిచేసే నర్సు, చికిత్సలో భాగంగా రోగిపై ప్రేమను నటించవలసి వస్తుంది. రోగి కోలుకుంటాడు గాని, ఆ నర్సు తన మనసును తాను నిలుపుకోలేక అదే చికిత్సాలయంలో రోగిగా మిగిలిపోతుంది. సేవచేసే వారి గురించి ఎవరూ ఆలోచించకపోతే ఏమవుతుందో ఈ కథ తెలుపుతుంది. సావిత్రి నటించిన ఉత్తమ చిత్రాలలో ఒకటిగా విమర్శకులు దీనిని పరిగణిస్తారు.

ఉన్నత దశ

1955 నుండి 1965 వరకు సావిత్రి తెలుగు, తమిళ భాషలలో అత్యధిక ఆదరణ గల నటిగా వెలుగొందింది. తోడికోడళ్ళు (1957), మాంగల్యబలం (1959), గుండమ్మకథ (1962), ఆరాధన (1962), నర్తనశాల (1963), మూగమనసులు (1964), దేవత (1965) ఈ కాలంలో వచ్చినవే. తమిళంలో కళత్తూర్ కణ్ణమ్మ (1960), పాశమలర్ (1961), కర్పగం (1963), కై కొడుత్త దెయ్‌వం (1964), నవరాత్రి (1964) చిత్రాలు ప్రసిద్ధమైనవి. పాశమలర్ చిత్రంలో శివాజీ గణేశన్‌కు చెల్లెలిగా ఆమె నటన తమిళనాట అన్నాచెల్లెళ్ళ అనుబంధానికి గుర్తుగా నిలిచిపోయింది.

సావిత్రి దానగుణం ప్రసిద్ధమైనది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన సమయంలో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రికి తన ఒంటిమీది నగలను రక్షణనిధికి విరాళంగా ఇచ్చింది. రేపల్లె ప్రాంతంలోని వడ్డివారిపాలెంలో ఈమె పేరుతో ఉన్నత పాఠశాల కలదు. సాయం అడిగినవారికి లెక్క చూడకుండా ఇవ్వడం ఆమె స్వభావమని సహనటులు పలువురు చెప్పారు. ఆస్తి వ్యవహారాలను సరిగా చూసుకొనకపోవడం తరువాతి కాలంలో ఆమెకు నష్టం కలిగించింది.

వివాహం, కుటుంబం

తమిళ నటుడు జెమినీ గణేశన్‌తో సావిత్రి వివాహం 1952లో జరిగింది. గణేశన్‌కు అప్పటికే వివాహమై సంతానం కూడా ఉన్నందున ఈ పెళ్ళి కొంతకాలం బయటపడలేదు. ఒక సబ్బు ప్రకటనలో ఆమె సావిత్రి గణేశ్ అని సంతకం చేయడంతో విషయం లోకానికి తెలిసిందని ప్రతీతి. మనంపోల మాంగల్యం (1953) మొదలుకొని ఇద్దరూ అనేక తమిళ చిత్రాలలో జంటగా నటించారు. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. 1960 దశకం చివరికి దంపతుల మధ్య మనస్పర్ధలు పెరిగి, విడిగా జీవించసాగారు.

దర్శకత్వం, ఆర్థిక నష్టాలు

చిన్నారి పాపలు (1968) చిత్రంతో సావిత్రి దర్శకురాలైంది. సంగీతం పి.లీల, నృత్యం రాజసులోచన సమకూర్చారు. ముఖ్య సాంకేతిక బాధ్యతలలో అధికభాగం స్త్రీలే నిర్వహించడం ఆ రోజులలో అపూర్వం. ప్రశంసలు లభించినా చిత్రం ఆర్థికంగా విజయం సాధించలేదు. తరువాత చిరంజీవి (1969), మాతృదేవత (1969), వింత సంసారం (1971) మరియు తమిళంలో కుళందై ఉళ్ళం (1969), ప్రాప్తం (1971) చిత్రాలకు దర్శకత్వం వహించింది. మూగమనసులు కథను తమిళంలో శివాజీ గణేశన్‌తో ప్రాప్తం పేరున స్వయంగా నిర్మించి తీవ్రంగా నష్టపోయింది. ఆదాయపు పన్ను బకాయిలు పేరుకొనడంతో ఆస్తులు ఒక్కొక్కటిగా చేజారాయి. మద్రాసు త్యాగరాయనగర్‌లోని హబీబుల్లా రోడ్డులో ఉన్న పెద్ద ఇంటిని వదిలి, సామాన్యమైన ఇంటికి మారవలసి వచ్చింది.

మద్యవ్యసనం

సావిత్రికి మద్యం అలవాటు ఎప్పుడు, ఎవరివలన మొదలైనదనే విషయంలో సమకాలికుల కథనాలు పరస్పరం పొసగవు. సినీరంగంలోని విందులు కారణమని కొందరు, వివాహ జీవితంలోని ఆశాభంగం కారణమని మరికొందరు, ధననష్టం, ఒంటరితనం కారణమని ఇంకొందరు చెప్పారు. మద్యంపై ఆధారపడటానికి ఒకే కారణం ఉండదని, వంశపారంపర్యంగా వచ్చే లక్షణాల పాలు సుమారు సగం వరకు ఉంటుందని, మిగిలినది పరిసరాల ప్రభావమని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. కాబట్టి తప్పును ఏ ఒక్కరిపైనో మోపే కథనాలను జాగ్రత్తగా చదువవలసి ఉన్నది.

ఈమెకు మధుమేహం కూడా ఉండేది. మధుమేహ రోగులకు మద్యం ప్రత్యేకించి ప్రమాదకరం. శరీరంలో చక్కెర తగ్గినప్పుడు కాలేయం చక్కెరను విడుదల చేస్తుంది. మద్యం ఆ పనికి అడ్డు తగులుతుంది. ఆహారం తీసుకొనకుండా ఇన్సులిన్ వాడినవారు మద్యం సేవిస్తే చక్కెర విపరీతంగా పడిపోయి స్పృహ కోల్పోయే అవకాశమున్నది. చుట్టూ ఉన్నవారు దానిని తాగిన మైకమని పొరబడి, వైద్యం ఆలస్యం చేయడం కూడా కద్దు.

1970 దశకంలో సావిత్రి ఆరోగ్యం, రూపం క్షీణించాయి. అవకాశాలు తగ్గినా నటనను మాత్రం విడువలేదు. తల్లి, వదిన వంటి పాత్రలలో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ చిత్రాలలో నటించింది. దాసరి నారాయణరావు దర్శకత్వంలో దేవదాసు మళ్ళీ పుట్టాడు (1978), గోరింటాకు (1979) చిత్రాలలో నటించింది. గోరింటాకులో తల్లి పాత్ర ఆమె చివరి దశలో గుర్తుండిపోయే పాత్ర.

ఆనాటి సామాజిక, వైద్య నేపథ్యం

సావిత్రి వ్యసనానికి లోనైన కాలంలో ఆమె కుటుంబానికి గాని, అటువంటి మరే కుటుంబానికి గాని సలహా చెప్పే సంస్థలు దక్షిణ భారతదేశంలో అరుదు. మద్రాసు రాష్ట్రమంతటా 1948 నుండి మద్యనిషేధం అమలులో ఉండేది. దానిని 1971లో ఎత్తివేసి, 1974లో తిరిగి విధించారు. నిషేధమున్న చోట తాగుడు ఆగలేదు గాని చాటుమాటు వ్యవహారమైంది. తాగేవారిని చట్టం నేరస్థులుగా, లోకం శీలం లేనివారుగా చూసేవి. స్త్రీల విషయంలో ఈ అపకీర్తి మరింత ఎక్కువ. అందువలన కుటుంబాలు విషయాన్ని దాచిపెట్టడమే రక్షణగా భావించేవి.

వైద్యంపై ఆశ లేనివారికి, వైద్యం అందనివారికి దైవమే దిక్కుగా ఉండేది. కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016లో ఏర్పడిన జగిత్యాల జిల్లాలో చేరిన కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం ఇందుకు ఒక ఉదాహరణ. మతిస్థిమితం లేనివారిని తీసుకువచ్చి నలభై దినాలు స్వామి సేవలో ఉంచితే నయమవుతుందని భక్తుల నమ్మకం. హనుమాన్ దీక్ష మాల ధరించినవారు దీక్షాకాలమంతా మద్యమాంసాలకు దూరంగా ఉంటారు. భర్తతోనో కొడుకుతోనో ఈ విధంగానైనా కొన్నాళ్ళు తాగుడు మాన్పించాలని మాల వేయించే కుటుంబాలు తెలుగునాట అనేకం. దీక్ష ముగిసిన తరువాత ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రం కుటుంబానికే మిగిలిపోయేది.

పాశ్చాత్య దేశాలలో ఈ దిశగా ప్రయత్నాలు ముందుగానే జరిగాయి. తాగుడు మానదలచినవారి సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో ఏర్పడింది. దాని స్థాపకులలో ఒకరైన బిల్ విల్సన్ భార్య లోయిస్ విల్సన్, తాగేవారి కుటుంబ సభ్యులకు కూడా ప్రత్యేక సహాయం అవసరమని గుర్తించి 1951లో అల్-అనాన్ సంఘాన్ని ప్రారంభించింది. ఆత్మీయుని వ్యసనానికి కుటుంబం కారణం కాదని, దానిని తమ బలంతో అదుపు చేయడం గాని నయం చేయడం గాని కుటుంబానికి సాధ్యం కాదని, తమ ఆరోగ్యాన్ని తాము కాపాడుకోవాలని ఈ సంఘం బోధిస్తుంది.

మద్రాసులో టి.టి.రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ 1980లో ఏర్పడింది. మద్యవ్యసనం వలన భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ దీనిని స్థాపించింది. ఇక్కడ రోగికి చికిత్సతో పాటు కుటుంబ సభ్యులకు కూడా శిక్షణ ఇవ్వడం ముఖ్యాంశం. సావిత్రి అపస్మారక స్థితిలోకి వెళ్ళిన సంవత్సరం కూడా 1980 కావడం గమనార్హం. తెలుగునాట తాగుబోతుల భార్యల వేదన బహిరంగ చర్చకు రావడానికి మరో పుష్కరకాలం పట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. సంపూర్ణ నిషేధం 1997లో తొలగింది.

సంరక్షకుల బాధ్యతలు

మద్యంపై ఆధారపడిన వారి కుటుంబాలు సాధారణంగా రెండు మార్గాలలో ఏదో ఒకదానిని అనుసరిస్తాయి. తాగినవారి తరఫున అబద్ధాలు చెప్పి, అప్పులు తీర్చి, పరువు కాపాడటం ఒకటి. నిందించి, గదిలో పెట్టి తాళం వేయడం రెండవది. మొదటిది వ్యసనపు ఫలితాలను రోగికి కనబడనీయదు. రెండవది ప్రాణాపాయం కూడా కలిగించవచ్చు. ఎంతోకాలంగా ప్రతిదినం ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా మానివేస్తే రెండు మూడు రోజులలో మూర్ఛలు, తీవ్రమైన వణుకు, మతిభ్రమణం రావచ్చు. కనుక మాన్పించడం వైద్యుని పర్యవేక్షణలో జరుగవలసి ఉంటుంది. మద్యంపై విముఖత కలిగించే డైసల్ఫిరామ్ అనే మందు 1940 దశకం చివరినుండి వాడుకలో ఉన్నది. దానిని రోగికి తెలియకుండా ఆహారంలో కలిపి పెట్టడం అపాయకరం.

మానినవారు తిరిగి తాగడం ఈ వ్యాధిలో తరచుగా కనిపించే లక్షణం. దానిని కృతఘ్నతగా గాని, చికిత్స వైఫల్యంగా గాని భావించక, తిరిగి వైద్యం కొనసాగించవలసి ఉంటుంది. రోగి మత్తులో లేని సమయంలో, నింద లేకుండా, స్పష్టంగా మాట్లాడటం మేలని వైద్యులు సూచిస్తారు. సావిత్రిని ప్రేమించినవారికి, ఆమె వలన మేలు పొందినవారికి కొదువ లేదు. అయితే అభిమానం ఎంత ఉన్నా అది చికిత్సకు బదులు కాజాలదని ఆమె జీవితం తెలుపుతున్నది.

చివరి రోజులు

1980 మే నెలలో చిత్రీకరణ నిమిత్తం బెంగుళూరు వెళ్ళిన సావిత్రి, బస చేసిన హోటలులో అపస్మారక స్థితికి లోనైంది. అక్కడ వైద్యం చేయించిన తరువాత ఆమెను మద్రాసుకు తరలించారు. తిరిగి పూర్తి స్పృహ రాలేదు. కుమారుడు అప్పటికి ఇంకా బాలుడు. విడిగా ఉంటున్న జెమినీ గణేశన్, పిల్లలు చికిత్స బాధ్యత వహించారు. స్పృహ లేని రోగికి గొట్టం ద్వారా ఆహారం అందించడం, పుండ్లు పడకుండా గంటగంటకు పక్క మార్చడం, ఊపిరితిత్తులకు వ్యాధి సోకకుండా కాపాడటం నిత్యకృత్యాలు. కోలుకుంటారో లేదో తెలియని రోగికి ఇటువంటి సేవ నెలల తరబడి జరగడం ఇంటివారికి మానసికంగాను, ఆర్థికంగాను భారమైన విషయం. ఒకప్పుడు నిండుగా కళకళలాడిన ఆమె గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయింది. ఆ స్థితిలోని ఫోటోలు పత్రికలలో రావడం అభిమానులను కలచివేసింది. సుమారు 19 నెలల తరువాత 1981 డిసెంబర్ 26న సావిత్రి మద్రాసులో మరణించింది.

మరణానంతరం

భారత తపాలా శాఖ 2011 ఫిబ్రవరిలో ప్రసిద్ధ చలనచిత్ర నాయికల స్మారకంగా విడుదల చేసిన తపాలా బిళ్ళలలో సావిత్రి పేర ఒకటి ఉన్నది. దేవికారాణి, కానన్ దేవి, నూతన్, మీనాకుమారి, లీలా నాయుడు మిగిలినవారు.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో సావిత్రి జీవితం ఆధారంగా మహానటి చిత్రం 2018లో విడుదలైంది. సావిత్రి పాత్ర ధరించిన కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం లభించింది. తెలుగులో ఉత్తమ చిత్రంగాను, దుస్తుల రూపకల్పనకుగాను కూడా ఆ చిత్రానికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఈ చిత్రం తరువాత సావిత్రి వ్యసనానికి కారకులెవరన్న వాదోపవాదాలు పత్రికలలో తిరిగి చెలరేగాయి. ఆమెకు ఆ రోజులలో ఎటువంటి చికిత్స అందుబాటులో ఉండేదన్న ప్రశ్నకు మాత్రం ఆ చర్చలో అంతగా చోటు దక్కలేదు.

నటించిన కొన్ని తెలుగు చిత్రాలు

సంసారం (1950)
పాతాళభైరవి (1951)
పెళ్ళిచేసి చూడు (1952)
దేవదాసు (1953)
మిస్సమ్మ (1955)
అర్ధాంగి (1955)
దొంగరాముడు (1955)
కన్యాశుల్కం (1955)
తోడికోడళ్ళు (1957)
మాయాబజార్ (1957)
మాంగల్యబలం (1959)
చివరకు మిగిలేది (1960)
కలసి ఉంటే కలదు సుఖం (1961)
గుండమ్మకథ (1962)
ఆరాధన (1962)
నర్తనశాల (1963)
మూగమనసులు (1964)
డాక్టర్ చక్రవర్తి (1964)
దేవత (1965)
గోరింటాకు (1979)

దర్శకత్వం వహించిన చిత్రాలు

చిన్నారి పాపలు (1968)
చిరంజీవి (1969)
మాతృదేవత (1969)
కుళందై ఉళ్ళం (తమిళం, 1969)
వింత సంసారం (1971)
ప్రాప్తం (తమిళం, 1971)